వేపపిండి వేశాను, పనిచేయలేదు. మళ్ళీ వేశాను

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద దాటి ఇంకా పైకి పోతున్న రోజుల్లో నా చేలో మొక్కలు నిలువునా వాడిపోతున్నాయి. ఆ నెల ముచ్చట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. ఎకరం పావు చేను, ఎర్ర గరుసు నేల, డ్రిప్పు, బెడ్ల మీద పరిచే మల్చింగ్ షీటు, కట్టెలు పాతి పురికొస కట్టి, చేయాల్సినవన్నీ చేసిన తోట. మామూలుగా పన్నెండు పదమూడు కోతలు రావాలి, నాలుగో కోతకే అయిపోయింది. ఊళ్ళో ఒకాయన ఆ నెల టమోటాతో అప్పులన్నీ తీర్చేశాడు, నేను కొత్త అప్పు చేశాను.

మొదట కనిపించిందేంటంటే, మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మొక్క తల వేలాడేసేది, సాయంత్రం చల్లబడగానే మళ్ళీ లేచి కూర్చునేది. నీళ్ళు చాలట్లేదేమో అనుకుని డ్రిప్పు ఇంకో అరగంట ఎక్కువ వదిలాను. కింది ఆకులు పసుపు పడితే నత్రజని తక్కువేమోనని యూరియా వదిలాను. తర్వాత ఫోన్లో ఫోటో తీసుకుని మందుల షాపుకు పోతే, చూసీ చూడకముందే ఎండు తెగులు అన్నారు, కార్బెండజిమ్ మొదళ్ళలో పోయమన్నారు, పోశాను. పది రోజులాగి ఇంకో మందు. ఇంత చేసినవాణ్ణి ఒక్క మొక్క పీకి వేరు చూడలేదు. కాసే మొక్కను పీకడానికి చెయ్యి రాలేదు, అదే నిజం.

చివరికి మా నాయన పీకాడు. గట్టు మీద నిలబడి, "రేయ్, వేర్లేంరా ఇట్లున్నాయి, అల్లం కొమ్ముల మాదిరి?" అన్నాడు. సన్నటి పీచు వేరన్నదే లేదు, అన్నీ ముడులు ముడులుగా గడ్డలు. ఇంకో పది పీకితే ఎనిమిదింటికి అదే.

ఆ వేర్లు మట్టితో సహా కవర్లో వేసుకుని కృషి విజ్ఞాన కేంద్రానికి పోయాను. అక్కడి మేడమ్ గారు కవరు విప్పీ విప్పకముందే నులిపురుగు అన్నారు. పేరుకు పురుగే గానీ కంటికి కనపడదు, నేలలో తిరుగుతూ లేత వేరులోకి దూరుతుంది, ఆడది అక్కడే తిష్ట వేసుకుని ఉబ్బిపోయి ఒక జిగురు సంచిలో వందల కొద్దీ గుడ్లు పెడుతుంది. మన నేల వేడికి దాదాపు నెలకో తరం, అంటే నాలుగు నెలల పంటలో నాలుగు తరాలు. వేరుశనగ వేరుకు కూడా బుడిపెలుంటాయి కదండీ అన్నాను. అవి గోటితో గిల్లితే ఊడొస్తాయి, అవి మంచివి, వీటిని గిల్లి చూడండి అన్నారు. ఊడలేదు. వేరు తనే ఉబ్బిపోయి ఉంది.

"దీనికి ముందు ఏం వేశారు?"

"అలసందలండి. భూమికి బలమని."

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. అలసంద వేరంటే ఈ నులిపురుగుకు అత్తారిల్లట. టమోటా, వంగ, బెండ, మిరప, దోస, అలసంద అన్నీ దానికి కావలసినవే. నేను రెండేళ్ళుగా అవే మార్చి మార్చి వేస్తూ పంట మార్పిడి చేస్తున్నానని అనుకుంటున్నాను.

మా నాయనకు గుర్తున్న మందు ఫోరేట్ గుళికలు. వాటిని 2020 ఆఖరు నుంచి నిషేధించారు. ఇంకేవో ఖరీదైనవి ఉన్నాయన్నారు గానీ అప్పుడు నా దగ్గర అంత డబ్బు లేదు. వేపగింజల నుంచి నూనె తీశాక మిగిలే వేపపిండి, కానుగ పిండి, బాగా మాగిన కోళ్ళ ఎరువు, ఇలాంటివి నేలలో వేస్తే తగ్గుతుందని ఆవిడ చెప్పారు. "బాగా మాగిన", "నాటకముందు" అని కూడా చెప్పారు, నా చెవికి అవి మాత్రం ఎక్కలేదు.

ఇక నా తెలివితేటలు. అదే ఏడు సెప్టెంబర్లో మళ్ళీ టమోటానే పెట్టాను, పోయినచోటే వెతుక్కోవాలని. ఫారం నుంచి రెండు ట్రాలీలు పచ్చి కోళ్ళ ఎరువు దింపి, దున్ని, ఐదో రోజు నారు నాటేశాను. కోళ్ళ ఎరువు నులిపురుగును ఎందుకు చంపుతుందో నాకు తర్వాత అర్థమైంది. అందులో నత్రజని ఎక్కువ, కుళ్ళేటప్పుడు అమ్మోనియా ఘాటుగా వస్తుంది, ఆ ఘాటుకే పురుగు పోతుంది. మరి పురుగును చంపే ఘాటు ఇరవై ఐదు రోజుల నారును ముద్దు పెట్టుకుంటుందా? వారంలో సగానికి సగం మొక్కలు ఆకు అంచులు మాడి కూలబడ్డాయి. మళ్ళీ నారు తెచ్చి సందులు పూడ్చాను. బతికినవి బాగానే లేచాయి, ముదురాకుపచ్చగా, చూసినవాళ్ళు మెచ్చుకునేలా.

నలభై రోజులకు మళ్ళీ ఒకటీ అరా తల వేలాడేశాయి. ఈసారి వెంటనే పీకాను, చిన్న చిన్న గడ్డలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పరుగెత్తి నాలుగు బస్తాల వేపపిండి తెచ్చి, షీటుకు ఉన్న ప్రతి రంధ్రంలో ఒక గుప్పెడు వేయించాను. పదిహేను రోజులు చూశాను. ఏమీ కాలేదు. వేపపిండి అంతా వట్టిదే అని ఊళ్ళో పదిమందికి చెప్పాను కూడా, ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఎందుకు కాలేదంటే రెండు కారణాలు. ఒకటి, ఆ బస్తాల్లో ఉన్నది సగం వేపపిండే కాదు. తర్వాతెప్పుడో మిగిలిన పిండిని ఒక చెంబు నీళ్ళలో వేసి కలిపి అరగంట ఉంచితే అడుగున రెండు వేళ్ళ మందం ఇసుక, మట్టి పేరుకున్నాయి. నాలుక మీద పెట్టుకుంటే చేదు కూడా పేరుకే ఉంది. నూనె తీసిన అసలు వేపపిండి అయితే చేయి కడుక్కున్నా రాత్రి అన్నంలోకి ఆ చేదు వస్తుంది. ఇప్పుడు బస్తా కొనేముందు షాపులోనే చెంబు అడుగుతాను, వాళ్ళు మొహం అదోలా పెడతారు, పెట్టనీ.

రెండోది అసలు కారణం. వేపపిండి గుళిక మందు కాదు. గుళిక వేసి నీళ్ళు పెడితే దాని పని అది చేసుకుపోతుంది. పిండి అయితే తడి తగిలి కుళ్ళాలి, కుళ్ళుతుంటే ఆ చేదు పదార్థాలు, అమ్మోనియా కొంచెం కొంచెంగా మట్టిలోకి దిగాలి, దాన్ని తింటూ మట్టిలోని మంచి బూజులు పెరగాలి. ఆ బూజుల్లో నులిపురుగు గుడ్లను తినేవీ ఉంటాయి. దీనికంతా రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటికే పురుగు వేరు లోపల ఇల్లు కట్టుకుని కూర్చుంటే నువ్వు బయట ఎంత చేదు పోసినా దానికేం? వేరులోకి దూరకముందు, మట్టిలో తిరిగేటప్పుడే దాన్ని పట్టుకోవాలి. నాటకముందు అని ఆవిడ అన్నది ఇందుకు.

2024లో తొందర మానుకున్నాను. మానుకున్నాను అనేకంటే, చేతిలో డబ్బు లేక మానాల్సి వచ్చింది అనడం సబబు. జనవరిలో పాత మొక్కలను కోసి పారేయకుండా, వేర్లతో సహా పీకించి గట్టున వేసి కాల్చేశాం. ఆ వేర్లు నేలలో ఉంటే గుడ్లన్నీ మళ్ళీ మనకే. మార్చి నుంచి మే దాకా పదిహేను ఇరవై రోజులకోసారి లోతుగా దున్నించి మట్టిని ఎండకు వదిలేశాను. మా వైపు మే ఎండ సంగతి తెలిసిందే, మట్టిగడ్డ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఖాళీగా పడున్న పొలాన్ని డీజిలు పోసి మళ్ళీ మళ్ళీ దున్నిస్తుంటే మా ఆవిడ, "పంట లేదు గానీ దుక్కి మాత్రం జోరుగా ఉంది" అనేది.

జూన్లో తొలకరి పడగానే జనుము చల్లాను, ఎకరాకు పదిహేను కిలోల లెక్కన. అలసంద బదులు జనుము ఎందుకంటే దాని వేరులో ఈ పురుగు సరిగ్గా పెరగలేదు. నలభై ఐదు రోజులకు నడుము దాటింది, పసుపు పూలు మొదలవుతున్నాయి. అప్పుడే రోటవేటరుతో కలిపి దున్నేశాం. ఇంకా ఆగితే కాడ నారెక్కి తొందరగా కుళ్ళదు. మా నాయన ఆ రోజు గట్టు మీద కూర్చుని, తన చిన్నప్పుడు వరి మళ్ళలో కానుగ కొమ్మలు, వేపాకు, జిల్లేడు మోపులు మోపులుగా తెచ్చి కాళ్ళతో తొక్కేవాళ్ళమని చెప్పాడు. ఏడాదంతా కానుగ మండలు ఎవరి గట్టువి వాళ్ళు కాపాడుకునేవాళ్ళట. మరి ఈ మాట మూడేళ్ళ ముందు చెప్పొచ్చు కదా నాయనా అంటే, నువ్వు అడిగావా అన్నాడు.

జనుము కుళ్ళే లోపల ఇంకో పని పెట్టుకున్నాను. తొంభై కిలోల మాగిన పశువుల ఎరువుకు పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా అనే మంచి బూజు పొడి, ఇది మా వైపు వ్యవసాయాధికారులు అందరికీ చెప్పే లెక్కే. చింతచెట్టు నీడలో కుప్ప పోసి, నీళ్ళు చిలకరించి, పైన తడి గోనెసంచులు కప్పాను. నీళ్ళు ఎక్కువైతే పాచి వాసన వస్తుంది, పిడికిట్లో పట్టి పిండితే ముద్ద కావాలి గానీ నీరు కారకూడదు. ఆరో రోజుకు కుప్పంతా తెల్లగా, అక్కడక్కడా పచ్చగా బూజు పట్టింది. మా నాయన చూసి పాడైపోయిందిరా పారేయ్ అన్నాడు, అదే కావాల్సింది అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ట్రైకోడెర్మా ముఖ్యంగా ఎండు తెగులు, వేరుకుళ్ళు తెచ్చే శిలీంధ్రాల మీద పనిచేస్తుంది. నులిపురుగు కుట్టిన వేరులోంచే ఆ తెగుళ్ళూ సులువుగా దూరతాయి కాబట్టి రెండూ కలిపి చూసుకోవాలి. నులిపురుగు గుడ్ల మీదికి వేరేగా పెసిలోమైసిస్ అనే బూజు పొడి దొరుకుతుంది, అది రెండు కిలోలు తెచ్చి ఇంకో చిన్న కుప్పలో కలిపాను.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇది నేలలో వేశాక కార్బెండజిమ్ లాంటివి మొక్కల మొదళ్ళలో పోయకండి. బూజును చంపే మందది, ట్రైకోడెర్మా కూడా బూజే. మనం పదిహేను రోజులు నీళ్ళు చల్లి పెంచినదాన్ని మన చేత్తోనే చంపుకున్నట్టవుతుంది. షాపులో ఈ రెండూ ఒకే బిల్లులో రాసిచ్చినవాళ్ళను నేను చూశాను.

వేపపిండి ఈసారి 250 కిలోలు, వేరే ఊరి నూనె మిల్లు దగ్గర చెంబు పరీక్ష చేసి తెచ్చింది. చేనంతా చల్లలేదు. డ్రిప్పు పైపు ఎక్కడ పోతుందో ఆ సాలులోనే, జానెడు లోతు గాడి తీసి, పిండీ కుప్ప ఎరువూ కలిపి వేసి మట్టి కప్పి, బెడ్డు ఎత్తి, పైపు వేసి షీటు పరిచాం. డ్రిప్పు ఉన్న పొలంలో చేనంతా చల్లిన పిండి సగం పొడిగానే పడుంటుంది, తడి తగలనిది కుళ్ళదు, కుళ్ళనిది పనిచేయదు. ఇది ఎవరూ చెప్పలేదు, పోయినసారి షీటు తీసినప్పుడు రంధ్రాల పక్కన పిండి వేసింది వేసినట్టు ఎండి కనిపిస్తే అర్థమైంది. కూలికి వచ్చిన అక్కలు ఆ రోజు నన్ను బాగా తిట్టారు, మధ్యాహ్నం సద్ది తింటే ముద్ద ముద్దకూ చేదేనట. చేతులకు కవర్లు కట్టించాల్సింది, అది నా తప్పే.

రెండు సాళ్ళు మాత్రం ఏమీ వేయకుండా వదిలేశాను, మా ఆవిడ చెప్పింది. "అన్నీ వేసి బాగొస్తే వేపపిండి వల్ల వచ్చిందో, వానల వల్ల వచ్చిందో నీకెట్లా తెలుస్తుంది?" అంది. ఈ ప్రశ్న నాకు అంతకుముందు తట్టలేదు.

తర్వాత పదిహేను రోజులు రోజూ కొద్దిసేపు తడి ఇస్తూ ఖాళీ బెడ్లను చూస్తూ కూర్చోవడం, అదే అన్నిటికంటే కష్టం. చుట్టూ అందరూ నాటేశారు, రేటు ఎప్పుడు ఎట్లుంటుందోనని టెన్షన్. ఆగస్టు ఆఖరి వారంలో నాటాను. నారు ట్రేలలో కొబ్బరిపొట్టులో పెంచిందే తెచ్చాను, మట్టిమడి నారు మాత్రం తేలేదు, దాని వేర్లతోనే పురుగు రావచ్చు.

మొదటి నెల ఏ తేడా లేదు. అన్ని సాళ్ళూ ఒకేలా ఉన్నాయి, ఇంత చేసి ఇదా అనిపించింది. యాభై రోజులు దాటాక ఖాళీగా వదిలిన రెండు సాళ్ళు మధ్యాహ్నం తల వంచడం మొదలుపెట్టాయి, మిగతావి నిలబడే ఉన్నాయి. ఆ రెండూ ఏడో కోత తర్వాత ఇంక కాయలేదు, కాసినవీ గోలీలంత. మిగతా చేను పదమూడు కోతలు ఇచ్చింది. ఆఖర్న రెండు వైపులా పదేసి మొక్కలు పీకి నీళ్ళలో కడిగి గోనెపట్టా మీద వరసగా పెట్టాం. వేపపిండి వేయని పదింటిలో తొమ్మిదింటికి అల్లం కొమ్ములే. వేసిన వైపు కూడా ఆరింటికి గడ్డలున్నాయి, దాచేదేం లేదు, కాకపోతే కొనల్లో ఆవగింజలంత, పంట చివర్లో వచ్చినవి. లోపలి పీచు వేరు తెల్లగా బతికే ఉంది. అంటే పురుగు పోలేదు, దానికి ఆలస్యం అయింది. ఆ ఆలస్యం నాకు ఆరు కోతలు.

ఇదంతా చదివి పశువుల పేడ ఎంత వేస్తే అంత మంచిదని అనుకోకండి. మా తమ్ముడు నన్ను చూసి తన బెండతోటలో మాగని పేడ, దిబ్బ మీదనుంచి నేరుగా తోలించాడు. నెల తిరక్కముందే మొక్కలు మొదలు కొరికేసినట్టు పడిపోవడం మొదలైంది. తవ్వితే కొడవలిలా వంగిన తెల్లటి లావు పురుగులు, ఒక్కో మొక్క కింద ఒకటీ రెండూ. పచ్చి పేడంటే ఆ పెంకు పురుగులకు పుట్టింటి సారె, గుడ్లు అందులోనే పెడతాయి. చెదలు కూడా దానితోపాటే వస్తాయి.

2025లో ఆ చేలో టమోటా పెట్టలేదు, బంతి పెట్టాను. బంతి వేరులో నులిపురుగుకు పడని పదార్థం ఉంటుంది. టమోటా చుట్టూ గట్టున నాలుగు బంతి మొక్కలు పెడితే సరిపోతుందని కొందరంటారు, అవి కాయను తొలిచే శనగపచ్చ పురుగును ఆకర్షించడానికి పనికొస్తాయి, నులిపురుగు సంగతి వేరు. బంతి వేరు ఎంతవరకు పోతే అంతవరకే దాని ప్రభావం, కాబట్టి చేనంతా రెండు మూడు నెలలు ఉండాలి. జూలైలో నాటితే దసరాకు పూలు. రేటు గొప్పగా ఏం లేదు, పండగ ముందు రోజు బాగుండి మర్నాటికి పడిపోయింది, ఖర్చులు పోను కాస్త మిగిలింది. టమోటా జూదంలో నాకు అలవాటైన లాభనష్టాలతో పోలిస్తే అదొక హాయి.

దాని తర్వాత సగం చేలో వంగ. అక్కడ నా బాధ నులిపురుగు కాదు, కాయ తొలుచు పురుగు. పూతకు వచ్చే ముందు మొదళ్ళ చుట్టూ వేపపిండి వేసి మట్టి ఎగదోశాను, పురుగు దూరి వాలిన కొమ్మల కొనలు వారానికి రెండుసార్లు తుంచి తగలబెట్టాను, మగ రెక్కల పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టాను. పుచ్చు కాయలు బాగా తగ్గాయి. అయితే ఇక్కడ ఏమీ వేయని సాలు ఉంచడం మర్చిపోయాను, కాబట్టి ఆ ఘనత వేపపిండికి ఎంత, కొనలు తుంచిన మా ఆవిడ చేతికి ఎంత అని అడిగితే నేను చెప్పలేను. ఆవిడ మాత్రం చెబుతుంది.

ఖర్చు సంగతి. పిండి, పొడులు, జనుము విత్తనం, దుక్కులు అన్నీ కలిపితే అంతకుముందు ఏడాది మందులకు పెట్టిన దానికంటే తక్కువేం కాలేదు, దాదాపు అంతే. రెండో ఏడు సగం పిండితో సరిపెట్టాను. ఒక సీజను నేల ఖాళీగా ఉండడం మాత్రం ఎవరూ లెక్కలో రాయని ఖర్చు, కౌలుకు చేసేవాళ్ళను ఇట్లా ఆగమని నేను చెప్పలేను. సొంత నేల కాబట్టి నాకు కుదిరింది.

ఇంకో అలవాటు వచ్చింది. అద్దె రోటవేటరు మా చేలోకి దిగేముందు దాని పళ్ళకు, టైర్లకు పట్టిన మట్టి నీళ్ళతో కొట్టి కడిగిస్తాను. ఒక పొలం మట్టితో పాటే ఇంకో పొలానికి పోతుంది ఇది, మా చేనికి కూడా అట్లే వచ్చిందేమోనని నా అనుమానం. డ్రైవరు విసుక్కుంటాడు, పక్క పొలం అన్న అయితే, బండికి స్నానం చేయించి పూజ కూడా చేస్తావా అని ఎగతాళి చేసేవాడు.

పోయిన నెల ఆయనే ఒక వంగ మొక్క వేర్లతో సహా పట్టుకుని మా గట్టు మీదికి వచ్చాడు. చూపించాల్సిన పని కూడా లేదు, దూరం నుంచే కనిపిస్తున్నాయి గడ్డలు. "నువ్వు వేపపిండి ఏ మిల్లులో తెచ్చావు, ఇప్పుడే పోయి పది బస్తాలు తెస్తా" అన్నాడు.

"నాటి ఎన్ని రోజులైందన్నా?" అన్నాను.

నలభై రోజులట. కూర్చో అన్నా, టీ తాగుదాం అన్నాను.